కొత్త మోడల్ బండి, 2,300 కిలోమీటర్లకే ముందు సీటు కాళ్ల కింద నీళ్లు. ఇంకెవరికైనా ఉందా?

పాలకొండలు (కడప), శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఈ ఫోరమ్ విభాగంలో ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాసింది లేదు, ఇప్పుడు రాయాల్సి వచ్చింది. జూన్‌లో డెలివరీ తీసుకున్నా, కొత్త షేపు, పెట్రోలు, సన్‌రూఫ్ ఉన్న వేరియంట్. విభాగం పేరులోనే మోడల్ ఉంది కాబట్టి మళ్లీ రాయను.

మొన్న ఆదివారం అమ్మను తీసుకుని రాయచోటికి పోతున్నాం. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడో బిందెలో నీళ్లు తొణికినట్టు గలగలమని శబ్దం. పాటలు ఆపేసి విన్నా, నిజంగానే నీళ్ల శబ్దం. రెండు మలుపులు తిరిగేసరికి అమ్మ "ఒరే, నా కాళ్ల మీద నీళ్లు పడుతున్నాయి రా" అంది. బాటిల్ మూత ఊడిందేమో చూడమన్నా. కోవా అంగళ్ల దగ్గర ఆపి మ్యాట్ ఎత్తితే కింద కార్పెట్ పిండితే కారేంత తడి. అమ్మ చీర కుచ్చిళ్లు కూడా తడిసిపోయినాయి, రాయచోటిలో చుట్టాల ఇంట్లో అదే పెద్ద కబురు, 16 లక్షల బండిలో వాన కురుస్తుందని.

అంతకు ముందు మూడు రోజులు కడపలో వానలు. బండి బయటే పెట్టేది. సన్‌రూఫ్ లీకేజీ అని నా అనుమానం. షోరూమ్‌కి ఫోన్ చేస్తే "సార్, వాటర్ వాష్ చేయించారా?" అని అడిగినారు. చేయించలేదు. ఇంకెవరికైనా ఇట్లా అయిందా?

ఉగ్గాని (అనంతపురం), శనివారం రాత్రి 9:20

అన్నా, కరువు సీమలో నీళ్లిచ్చే బండి దొరికింది, అమ్మొద్దు.

బురుజు518 (కర్నూలు), శనివారం రాత్రి 9:41

సన్‌రూఫే. వందకు తొంభై అదే. సన్‌రూఫ్ చుట్టూ కాలువలాగా ఉంటుంది, దాని నాలుగు మూలల్లో సన్న పైపులు, అవి పిల్లర్ల (అద్దాల పక్కన రూఫ్‌ను మోసే కంబాలు) లోపల నుంచి కిందికి దిగుతాయి. అద్దం పక్కన రబ్బరు మీద నుంచి కొంచెం నీళ్లు దిగడం మామూలే, ఆ పైపులు తీసుకుపోవాల. దుమ్ము, వేపాకులు పడి పైపు మూసుకుంటే నీళ్లు రూఫ్ లైనింగ్‌లోకి వస్తాయి. మన ఊళ్లలో సన్‌రూఫ్ ఎందుకు తీసుకుంటారో నాకైతే అర్థం కాదు, మే నెలలో తెరిస్తే నెత్తి మాడుతుంది, ఆగస్టులో తెరిస్తే దుమ్ము. పిల్లలు నిలబడి ఫోటోలు తీసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు, అదీ తప్పే.

పాలకొండలు (కడప), శనివారం రాత్రి 9:50

రూఫ్ లైనింగ్ చూసినా అన్నా, మరక కూడా లేదు. పిల్లర్ దగ్గర చెయ్యి పెట్టి చూసినా, పొడిగా ఉంది.

క్లాక్‌టవర్ అనంత (అనంతపురం), శనివారం రాత్రి 10:05

నాది మే నెల డెలివరీ. నీళ్లు ఇంకా రాలేదు కానీ వేరే జాబితా ఉంది. ఉదయం బండి తీయగానే డ్యాష్‌బోర్డు ఎడమ వైపు కిర్రు కిర్రు, పది కిలోమీటర్లు పోతే ఆగిపోతుంది. రివర్స్ గేరు వేస్తే ఒక్కోసారి కెమెరా స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, ఇంజిన్ ఆపి మళ్లీ వేస్తే వస్తుంది. అన్నిటికన్నా కడుపు మండేది ఏసీ ఫ్యాన్ తగ్గించాలన్నా పెంచాలన్నా స్క్రీన్‌లోనే వెతుక్కోవడం. పాత మోడల్‌లో గుండ్రటి నాబ్ ఉండేది, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా తిప్పేవాణ్ణి. దాన్ని తీసేసి ఏం సాధించినారో.

బుకింగ్ చేసినోడు (ప్రొద్దుటూరు), శనివారం రాత్రి 10:31

అయ్యా, నేను బుక్ చేసి పది వారాలు అయింది. ఇదంతా చదివాక టెన్షన్ పట్టుకుంది. క్యాన్సిల్ చేయాల్నా? మా మామ ముందే చెప్పినాడు, కొత్త మోడల్ మొదటి ఏడాది కొనొద్దని.

బురుజు518 (కర్నూలు), శనివారం రాత్రి 10:48

మీ మామ తెలివైనవాడు. షేపు మారిందంటే బంపరు, లైట్లు మాత్రమే కాదు, లోపల ప్లాస్టిక్ అచ్చులు కొత్తవి, వైరింగ్ కొత్తది, సగం విడిభాగాలకు సప్లయర్లు కొత్తవాళ్లు, లైన్ మీద బిగించేవాళ్లకు కూడా పని కొత్తే. మొదటి ఆరు నెలలు ఫిర్యాదులు చూసుకుంటూ కంపెనీవాళ్లు గమ్మున మారుస్తూ పోతారు, దాన్ని రన్నింగ్ చేంజ్ అంటారు, ఎవరికీ చెప్పరు. అంటే మొదట కొన్నవాళ్లం డబ్బులిచ్చి మరీ వాళ్లకు టెస్టింగ్ చేసి పెడుతున్నాం.

సీటు బెల్టు (నంద్యాల), ఆదివారం ఉదయం 7:15

ఇంత భయపెట్టాల్సిన పనిలేదు. నాది 6,000 దాటింది, ఒక్క సమస్య లేదు. కర్నూలు, కడప హైవే మీద వారానికి రెండుసార్లు తిరుగుతా. తలుపు వేస్తే ధన్‌మని శబ్దం వస్తుంది, రేకు గట్టిగా ఉంది. ఇదే సెగ్మెంట్‌లో వేరే బండ్లు డబ్బాల్లాగా ఉంటాయి.

పాత షెడ్డు (కర్నూలు), ఆదివారం ఉదయం 8:02

తలుపు శబ్దం చూసి బండి గట్టిదనం చెప్పడం గుమ్మడికాయను తట్టి రుచి చెప్పినట్టే సార్. తలుపు లోపల రేకుకు తారు షీటు అంటించి, రెండు వరసల బీడింగ్ (అంచు రబ్బరు) వేస్తే ఏ తలుపైనా ధన్‌మంటుంది. గుద్దుకున్నప్పుడు కాపాడేది లోపలి అస్థిపంజరం, అది కంటికి కనపడదు. దానికే బండిని గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ టెస్ట్ ఉన్నది, 2023 అక్టోబరు నుంచి. ముందు నుంచి 64 కిలోమీటర్ల వేగంతో ఒక వైపుగా గుద్దిస్తారు, పక్క నుంచి 50 వేగంతో ఒక బండిని తెచ్చి గుద్దుతారు, స్తంభానికి 29 వేగంతో. ఆ స్టార్లు చూడండి. అట్లని స్టార్లు వచ్చిన బండిలో నీళ్లు రావని కాదు, అది వేరే లెక్క, ఇది వేరే లెక్క.

ఇంగ పాలకొండలు తమ్ముడి సంగతి. ఎవరూ సన్‌రూఫ్ విప్పొద్దు. ముందు ఆ నీళ్లు ఏ నీళ్లో తెలుసుకోవాల. బండిలోకి వచ్చే నీళ్లు మూడు రకాలు. వాన నీళ్లయితే మట్టి తెస్తాయి, ఆరినాక కార్పెట్ మీద ఎర్రటి గీత మిగులుతుంది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) అయితే రంగు ఉంటుంది, వేళ్ల మధ్య జిగురుగా జారుతుంది, అద్దాల మీద నూనె పొరలాగా ఆవిరి పడుతుంది. ఏసీ నీళ్లు మంచినీళ్లలాగా తేటగా ఉంటాయి. తెల్లటి టిష్యూ కార్పెట్ మీద పెట్టి అదిమి, ఆరబెట్టి ఫోటో పెట్టు.

తర్వాత రెండు పరీక్షలు, రెండూ ఒకే రోజు చేయొద్దు. ఒకటి, బండి నీడలో ఆపి ఏసీ అరగంట వేసి కింద చూడు, ముందు ఎడమ చక్రం దగ్గర్లో నేల మీద చుక్కలు పడాల. రెండు, ఏసీ వేయకుండా పైప్ పెట్టి రూఫ్ మీద పది నిమిషాలు నీళ్లు పోయించు, లోపల చూడు.

పాలకొండలు (కడప), సోమవారం రాత్రి 8:40

చేసినా అన్నా. నిన్న నీళ్లు పోయించినా, పది నిమిషాలు కాదు ఇరవై నిమిషాలు, మా వీధి పిల్లలంతా చేరినారు. లోపల ఎండుగానే ఉంది, పాత తడి తప్ప. ఈ రోజు సాయంత్రం ఏసీ 16లో పెట్టి అరగంట కూర్చున్నా. కింద నేల మీద ఒక్క చుక్క లేదు! పక్కనే మా బాబాయి పాత బండి ఏసీ వేసి పెడితే దాని కింద చిన్న మడుగు అయింది. టిష్యూ ఫోటో పెట్టినా, మరక లేదు, తెల్లగానే ఉంది.

కానీ ఒక్కటి అర్థం కాలేదు. ఏసీ నీళ్లే అయితే జూన్, జూలై ఎండల్లో ఏసీ ఫుల్లుగా వేసినప్పుడు రావాల కదా, వానలు పడినాకే ఎందుకు వచ్చినాయి?

పాత షెడ్డు (కర్నూలు), సోమవారం రాత్రి 9:25

అదే అందరినీ సన్‌రూఫ్ వైపు తిప్పేది. ఏసీ నీళ్లు అంటే గాలిలో ఉండే తేమే. గ్లవ్ బాక్స్ వెనక కూలింగ్ కాయిల్ ఉంటుంది, చల్లని చెంబు మీద చెమట పట్టినట్టు దాని మీద తేమ పట్టి కింద తొట్టిలోకి కారుతుంది. మన ఎండాకాలం గాలి ఒట్టి పొడి గాలి, 43 డిగ్రీల్లో ఏసీ ఎంత తోలినా నీళ్లు తక్కువే. వానలు పడి గాలి చెమ్మగిల్లినాక అదే ఏసీ గంటకు లీటరు కూడా తీయొచ్చు. తొట్టి నుంచి ఒక చిన్న రబ్బరు పైపు, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులో రంధ్రం గుండా బయటికి పోవాల. నీ బండిలో ఆ పైపు రంధ్రంలోకి సరిగ్గా ఎక్కలేదు, లేదా లోపలే మడత పడింది. తొట్టి నిండింది. ఘాట్‌లో కుడివైపు మలుపు తిరిగినప్పుడల్లా నీళ్లు ఎడమకు ఒరిగి అమ్మ కాళ్ల మీద పడినాయి. నువ్వు విన్న గలగల అదే.

ఐదు నిమిషాల పని. అసలు పని ఆ తర్వాత ఉంది, కార్పెట్. 2009 అక్టోబరు వరదల తర్వాత కర్నూలులో నీళ్లలో మునిగిన బండ్లు నా చేతుల మీదుగా లెక్కలేనన్ని పోయినాయి, అందుకే చెప్తున్నా. పైన కార్పెట్ రెండు రోజుల్లో ఆరుతుంది, దాని కింద వేలెడు మందం స్పాంజి ఉంటుంది, అది నెలైనా ఆరదు. పైన తట్టి చూసి ఆరిందనుకుంటాం. కింద రేకు తుప్పు పట్టుద్ది, ఆ పక్కనే పోయే వైరింగ్ కనెక్టర్లు పచ్చబడతాయి, ఏడాది తర్వాత సంబంధం లేని వార్నింగ్ లైట్లు వెలుగుతాయి. సీటు విప్పించి కార్పెట్ ఎత్తించు. హెయిర్ డ్రయర్ పెట్టి ఆరబెట్టినాం అంటే ఒప్పుకోవద్దు.

ఇంకొకటి. ఏం చేసినా జాబ్ కార్డులో (షోరూమ్‌వాళ్లు ఫిర్యాదు, పని రాసిచ్చే కాగితం) రాయించు. "కస్టమర్ కంప్లయింట్: క్యాబిన్‌లోకి నీళ్లు" అని ఉండాల. "జనరల్ చెకప్" అని రాసిస్తే సంతకం పెట్టొద్దు.

ఉగ్గాని (అనంతపురం), సోమవారం రాత్రి 9:33

ఇది మన పెనుకొండలో తయారయ్యే బండి కాదు కాబట్టి బతికిపోయినారు, లేకుంటే ఫ్యాక్టరీ గేటు కాడికే పోయి ఆ నీళ్లతోనే కడిగేవాణ్ణి.

నాపరాయి (బేతంచెర్ల), మంగళవారం మధ్యాహ్నం 1:10

నాకు నీళ్లు కాదు, పిండి. మా ఊరి సంగతి తెలుసుగా, రాయి కోసే, పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు, రోడ్డంతా తెల్ల పొడి. కొత్త బండి డిక్కీ తెరిస్తే లోపల కుడివైపు అంచు మీద జానెడు పొడవునా ముగ్గు వేసినట్టు తెల్లగా ఉంటోంది. ఎడమవైపు శుభ్రం. డిక్కీ తలుపు మూసి చూస్తే ఎడమ సందులో చిటికెన వేలు గోరు దూరదు, కుడి సందులో ఇట్టే దూరుతుంది. షోరూమ్‌లో చూపిస్తే "విత్ ఇన్ లిమిట్ సార్" అన్నాడు. లిమిట్ ఎంత అంటే చెప్పడు.

పాత షెడ్డు (కర్నూలు), మంగళవారం రాత్రి 8:15

నాపరాయి అన్నా, మీ పొడి మీకు మంచి మెకానిక్. లీకేజీ ఎక్కడుందో గీత గీసి చూపించింది. డిక్కీ తలుపు కుడివైపు బీడింగ్‌ను అదమడం లేదు. ఆ తలుపు కింద రెండు పక్కలా రబ్బరు గుండీలు ఉంటాయి, తిప్పితే లోపలికి బయటికి కదులుతాయి, వాటితో ఒకసారి, చాలకపోతే లాక్ కొక్కెం బోల్టు వదులు చేసి రెండు మిల్లీమీటర్లు జరిపితే సరి. బీడింగ్ మీద చాక్‌పీసు పొడి రుద్ది తలుపు మూసి తెరిస్తే ఎక్కడ తగులుతుందో ఎక్కడ తగలదో అచ్చు పడుతుంది. మీకు చాక్‌పీసు ఖర్చు కూడా లేదు.

అట్లనే ఆ డిక్కీ తలుపుకు పెయింట్ మందం కూడా కొలిపించు. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది. అన్ని ప్యానెళ్లూ ఒక లెక్కలో ఉండి అదొక్కటే 250, 300 చూపిస్తే, కంటైనర్‌లోనో స్టాక్ యార్డులోనో తగిలి మళ్లీ పెయింట్ వేసి మీకు ఇచ్చినారని అర్థం.

నాపరాయి (బేతంచెర్ల), మంగళవారం రాత్రి 8:22

ఇప్పుడు ఈ కొత్త దిగులు పెట్టినావు.

క్లాక్‌టవర్ అనంత (అనంతపురం), బుధవారం రాత్రి 10:02

పాత షెడ్డు అన్నా చెప్పినట్టు నేనూ ఏసీ వేసి కింద చూసినా. నాకూ చుక్క లేదు!! మ్యాట్ ఎత్తితే కార్పెట్ ఎండుగానే ఉంది కానీ గట్టిగా అదిమితే చెయ్యి చల్లగా అయింది. ఇన్ని రోజులూ ఏసీ వేయగానే పాత గోనెసంచి వాసన వస్తుంటే మా ఆవిడ నా బూట్లని తిట్టేది. తలుపు తెరిస్తే పిల్లర్ మీద ఉండే ప్లేటులో తయారీ నెల చూసినా, నాది ఏప్రిల్. పాలకొండలు బ్రో, నీది?

పాలకొండలు (కడప), బుధవారం రాత్రి 10:10

ఏప్రిలే.

సీటు బెల్టు (నంద్యాల), గురువారం ఉదయం 6:50

నాది జూలై తయారీ. ఇప్పుడే చూసినా, కింద చక్కగా కారుతోంది. రెండు బండ్లు చూసి ఏప్రిల్ లాట్ అంతా చెడ్డది అనలేం లెండి. కానీ మొన్న ఆదివారం నాటి నా మాట వెనక్కి తీసుకుంటున్నా, చూసుకోకుండా బాగుంది అన్నా.

బురుజు518 (కర్నూలు), గురువారం ఉదయం 9:30

సన్‌రూఫ్ విషయంలో నేనూ వెనక్కి తీసుకుంటున్నా. సన్‌రూఫ్ దండగ అన్న మాట మాత్రం తీసుకోను.

ఇద్దరూ షోరూమ్‌తో పాటు కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి, ఛాసిస్ నంబరు, తయారీ నెల, జాబ్ కార్డు ఫోటోతో. డీలర్ తన దగ్గరే సర్దేస్తే కంపెనీకి లెక్క తెలియదు. ఇట్లాంటిది రీకాల్ (కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి బాగుచేయడం) కిందికి రాదు, అది భద్రతకు సంబంధించిన లోపాలకు. దానికి 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టప్రకారం నిబంధనలున్నాయి, ప్రభుత్వమే రీకాల్ చేయమని ఆదేశించొచ్చు. ఇది వారంటీ పని. వారంటీలో చేయం అని వాళ్లంటే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే అక్కడే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాల. అంతదాకా పోదు, మెయిల్‌లో 1915 అని రాస్తేనే స్వరం మారుతుంది.

మోడరేటర్, గురువారం ఉదయం 11:00

డీలర్ పేరు, సర్వీస్ అడ్వైజర్ పేరు ఉన్న రెండు పోస్టులు తీసేశాను. కోపం అర్థమవుతుంది, పేర్లు వద్దు.

పాలకొండలు (కడప), శనివారం సాయంత్రం 6:20

ఈ రోజు ఇచ్చినా. మొదట అడ్వైజర్ సన్‌రూఫ్ క్లీనింగ్ అని 1,400 ఎస్టిమేట్ చేతిలో పెట్టినాడు. ఏసీ డ్రెయిన్ పైపు చూడండి అంటే "మీరు మెకానిక్కా సార్?" అన్నాడు. కాదు, కస్టమర్‌ని, చూడండి అన్నా. బండి పైకెత్తి ఒక పిల్లోడు కింద నుంచి వేలు పెట్టినాడు, పైపు చివర బయటికే రాలేదు, రంధ్రంలో రబ్బరు లోపలికి మడిచి ఉంది. వాడు కొసను పట్టి లాగినాడో లేదో, బుస్సుమని చెంబెడు నీళ్లు వాడి మొహం మీద పడినాయి. అడ్వైజర్ కూడా నవ్వేసినాడు పాపం. 1,400 కొట్టేసినారు.

కార్పెట్ దగ్గరే పేచీ. బ్లోయర్ పెట్టి ఆరబెట్టి ఇస్తామన్నారు. సీటు విప్పమన్నా. మేనేజరు వచ్చినాడు. ఆయన ముందరే స్పాంజి మూల పట్టుకుని పిండినా, టైల్స్ మీద నీళ్లు కారినాయి, ఇంగ ఆయన మాట్లాడలేదు. కొత్త అండర్‌లే (కార్పెట్ కింది స్పాంజి) వారంటీలో ఆర్డర్ పెడతామని జాబ్ కార్డు మీద రాసిచ్చినారు. రెండు, మూడు వారాలట. అంతవరకు ఎడమవైపు కార్పెట్ లేకుండా రేకు మీదే తిరగడం.

బుకింగ్ చేసినోడు (ప్రొద్దుటూరు), శనివారం రాత్రి 7:05

నాకు రేపు బుధవారం డెలివరీ అని ఫోన్ వచ్చింది. ఏం చూసుకోవాలో ఒక్క ముక్కలో చెప్పండి.

పాత షెడ్డు (కర్నూలు), శనివారం రాత్రి 7:40

రిజిస్ట్రేషన్‌కు ముందే, పగటిపూట, కడగక ముందు చూడు. తయారీ నెల చూడు. ఏసీ అరగంట వేసి కింద చుక్క చూడు. మ్యాట్లు ఎత్తి చెయ్యి పెట్టు. నాలుగు తలుపులూ డిక్కీ సందుల్లో గోరు పెట్టు. రివర్స్ గేరు పదిసార్లు వేసి కెమెరా చూడు. పూలదండ, కొబ్బరికాయ, ఫోటో అన్నీ ఆ తర్వాత. దండ వేసినాక ఎవరికీ లోపం కనపడదు.

క్లాక్‌టవర్ అనంత (అనంతపురం), ఆదివారం మధ్యాహ్నం 12:15

నాది కూడా సరిచేసినారు, అదే మడత. స్క్రీన్‌కు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేసినారు, కెమెరా మూడు రోజులుగా బాగానే ఉంది. కిర్రు శబ్దం మాత్రం దొరకలేదు. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి డ్యాష్‌బోర్డు ఒక్కో చోట అరచేత్తో అదుముతూ రమ్మన్నా, అద్దం పక్క పిల్లర్ ప్లాస్టిక్ అదిమితే ఆగింది. రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది, ఎండెక్కితే సాగి బిగుసుకుంటుంది, అందుకే పొద్దున మాత్రమే. అక్కడ ఫెల్ట్ టేపు అంటిస్తే పోయింది, 60 రూపాయలు. మరి షోరూమ్‌వాళ్లు డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలన్నారు, వద్దని పారిపోయి వచ్చినా.

పాలకొండలు (కడప), మూడు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 9:05

అండర్‌లే వచ్చింది, వేసినారు, డబ్బు తీసుకోలేదు. వాసన పోయింది. నిన్న మళ్లీ గువ్వలచెరువు మీదుగా పోయి వచ్చినా, నీళ్లు లేవు. అమ్మ మాత్రం ముందు సీటులో కూర్చోనంటే కూర్చోనని వెనక కాళ్లు పైకి పెట్టుకుని వచ్చింది.

కొత్త సమస్య: గ్లవ్ బాక్స్ విప్పి బిగించినప్పటి నుంచి గుంతలో పడితే టకటకమంటోంది. తెరిచి చూస్తే కుడి మూల ఒక తెల్ల క్లిప్ విరిగి లోపల పడి ఉంది. పాత షెడ్డు అన్నా, వచ్చే వారం కర్నూలు వస్తున్నా, చూస్తావా?

పాత షెడ్డు (కర్నూలు), శుక్రవారం రాత్రి 9:30

పదకొండు దాటినాక రా. విరిగిన ముక్క పారేయకు, దాన్ని చూస్తేనే ఏ క్లిప్పో తెలిసేది. అమ్మను కూడా తీసుకురా, ముందు సీటులో.